అత్త కంటికి అన్ని రంగులూ కుదిరిన కాలం

ఒక కంటికి ఆపరేషన్ అయి ఇంటికి వచ్చినప్పటి నుంచి నాకో పిచ్చి పట్టుకుంది. మంచం మీద వెనక్కి ఆనుకుని, ఒక కన్ను మూసి రెండో కంటితో దిండు గలీబును చూడటం, తర్వాత అది మూసి ఇది తెరవటం. బాగుచేసిన కంటికి గలీబు తెల్లగా, నీలిమందు కాస్త ఎక్కువ పడినట్టు కనిపిస్తుంది. ఇంకా ఆపరేషన్ కాని కంటికి అదే గలీబు టీ ఒలికి ఆరిపోయిన గుడ్డలాగా ఉంటుంది. చదవొద్దన్నారు, వంగొద్దన్నారు, పొయ్యి దగ్గరికి పోవద్దన్నారు, తలస్నానం అసలే వద్దన్నారు. జీవితమంతా పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పి, మిగిలిన వేళల్లో ఏదో ఒకటి రాసుకుంటూ బతికిన దాన్ని. ఇప్పుడు నాకు మిగిలిన పని ఈ కళ్ళ ఆట ఒక్కటే. అలసిపోయానంటే ఎవరూ నమ్మరు, రోజంతా పడుకునే ఉంటారు కదా అంటారు. పడుకుని కూడా అలసిపోవచ్చునని నాకూ ఈ వయసు వచ్చేదాకా తెలియదు.

ఆపరేషన్ చేసిన డాక్టరు చిన్నవాడు. "ఇన్ని రోజులు ఎట్లా నెట్టుకొచ్చారమ్మా, పొర బాగా ముదిరిపోయింది" అన్నాడు. నాకు తెలియలేదన్నాను. అది అబద్ధం కాదు. చూపు మసకబారిందని తెలిసింది గాని, రంగులు మారిపోయాయని తెలియలేదు. తుర్కయాంజాల్‌లో మా ఫ్లాటు కిటికీకి ఎదురుగా కొత్త అపార్ట్‌మెంట్ ఒకటి లేచింది. దానికి రంగులు వేసిన రోజు నుంచి, ఎవరో బుద్ధిమంతుడు మట్టిరంగు, ఇటుకరంగు కలిపి ఒద్దికగా వేయించాడని లోలోపల మెచ్చుకుంటూ ఉన్నాను. కొత్త కంటితో చూస్తే అది వంగపండు రంగు, పక్కనే నారింజ. రెండూ బజారున పడి తిట్టుకుంటున్నాయి. ఇన్నాళ్ళూ నేను మెచ్చుకున్నది అక్కడ లేనేలేదు. ఆ భవనాన్ని ఈ కంటితో ఒకసారి, ఆ కంటితో ఒకసారి చూస్తుండగా మా అనసూయత్త గుర్తుకొచ్చింది. ఆమె పోయి చాలాకాలమైంది. ఆమె కళ్ళకు ఏం జరిగిందో అప్పుడు పక్కనే ఉండి చూశాను. ఆ కళ్ళకు ఏం కనిపించిందో మాత్రం ఇప్పుడే తెలిసింది.

అనసూయత్త మా బాపుకు అక్క. యాచారం అవతల ఒక ఊరికి ఇచ్చారు. మామ ఇంకొకామెను తెచ్చి ఇంట్లో పెట్టాడని, ఆ మధ్యాహ్నమే చీరలు ఇనుప పెట్టెలో సర్దుకుని బస్సెక్కి ఇబ్రహీంపట్నం వచ్చేసిందట. బాపు బస్సు కండక్టరు. అక్కను చూసి ఒక్క మాట అడగలేదని, పెట్టె మాత్రం అందుకుని లోపల పెట్టాడని అమ్మ చెప్పేది. అత్త తమ్ముడి ఇంట్లో తిని కూర్చునే మనిషి కాదు. బజారు వైపు తెరుచుకునే ముందుగదిలో అరలు కొట్టించి మ్యాచింగ్ సెంటర్ పెట్టింది. చీరకు తగ్గ జాకెట్టు ముక్క, లోపలి లంగా, అంచుకు ఫాలు, లైనింగు బట్ట, ఇవే సరుకు. గోడల నిండా రుబియా అనే జాకెట్టు బట్ట తానులు. బోర్డు మీద ఏదో పేరు రాయించారు గాని ఊళ్ళో అందరికీ అది అనసూయక్క దుకాణమే. మొగుడు వదిలేసిన మనిషి అని ఊరు అనాల్సిన చోట, రంగులు తెలిసిన మనిషి అనిపించుకుంది ఆ గదిలో కూర్చునే. దుకాణం లేకపోతే ఆమె తమ్ముడి మీద పడి బతికే ఆడబిడ్డ, అంతే. ఆ సంగతి ఆమెకు తెలుసు, మాకూ తెలుసు.

పొద్దున్నే ఆ గదిలో ఉండే వాసన ఇంకా నా ముక్కుల్లో ఉంది. కొత్త తాను విప్పితే గంజి వాసన, అరల మూలల్లో కలరా ఉండల వాసన. అగరుబత్తి మాత్రం వెలిగించేది కాదు, పొగకు లేత రంగులు మాసిపోతాయని. అమ్మ తాలింపు వేసే వేళకు లేచి మధ్య తలుపు మూసేది. అమ్మకు అది ఒళ్ళుమంట. "నీ బట్టలకు వాసన పడ్తదని నా పిల్లలు తాలింపు లేని పప్పు తినాల్నా వదినె?" అని వంటింట్లోంచి అరిచేది. "తినుండ్రి, పానం మంచిగుంటది" అని అత్త ఇటు నుంచి. వాళ్ళిద్దరి పొద్దు అట్లా మొదలయ్యేది. కొత్త తాను ఏది వచ్చినా అత్త దాని కొసన చిన్న పీలిక కత్తిరించి, ఉప్పునీళ్ళ గ్లాసులో వేసి కిటికీలో పెట్టేది, రంగు దిగుతుందో లేదో చూడటానికి. ఒక ఎండాకాలం బాపు డ్యూటీ దిగి వచ్చి, షర్బతనుకుని రాణీరంగు నీళ్ళ గ్లాసెత్తి గటగటా తాగేశాడు. నోటికి ఉప్పు తగిలి బయటికి పరుగెత్తితే అత్త వెంటపడి, "నాలిక చూపియ్యి, రంగు దిగిందా?" అంది. చూసి, "ఈ తాను వాపస్ పంపాలె" అని లోపలికి వచ్చేసింది. తమ్ముడికి మంచినీళ్ళు ఇచ్చింది కూడా అమ్మే.

దుకాణంలో కూర్చున్నంతసేపు అత్త ఒంటి మీద గచ్చకాయరంగు చీరే. పెట్టెలో మంచి మంచి చీరలున్నా ఆ బూడిద చీరలే మార్చి మార్చి కట్టేది. మొగుడు వదిలిన బాధలో రంగులు మానేసిందని ఊళ్ళో అనుకునేవాళ్ళు, నేనూ అట్లే అనుకున్నాను. పెద్దదాన్నయ్యాక ఒకసారి అడిగితే విసుక్కుంది. "నేను ఎర్రచీర కట్టుకొని కూసుంటె, నా ఒడిల పెట్టిన బట్ట మీద ఎరుపు పడ్తది. గిరాకికి ఇంగేం రంగు చూపిస్త? నా చీర నడిమిట్ల రావద్దు" అంది. ఇంకొక పట్టింపు, దీపాలు పెట్టే వేళ దాటాక ముక్క అమ్మేది కాదు. ట్యూబులైటు అబద్ధాలాడుతదని ఆమె మాట. పగలైనా సరే, చీరా ముక్కా పట్టుకుని గడప దాటి బజారులోకి వచ్చి, ఎండను వీపుకు పెట్టుకుని, రెండూ పక్కపక్కన పరిచి చూశాకే కత్తెర ముట్టేది. వచ్చినావిడ తొందరలో ఉంటే పోయి రమ్మనేది గాని, ఆమె మాత్రం తొందరపడేది కాదు.

చీర అంచులో ఏ రంగుందో అచ్చం ఆ రంగే ముక్క వెతకడం అత్త లెక్కలో మ్యాచింగు కాదు. అట్లా పట్టుబట్టేవాళ్ళను చూస్తే చిరాకు. "అంచు రంగే జాకెటయితే మనిషేడ కనపడ్తది? చీరే నడుసుకుంట పోయినట్టుంటది" అనేది. రెండు రంగులు పక్కన పెడితే అవి ఒకదానితో ఒకటి ఏదో అనుకుంటాయని, అది వినడమే తన పని అని ఆమె నమ్మకం. రెండూ గట్టివైతే పంతానికి పోతాయి. అప్పుడు ఒకదాన్ని లేత చేయాలి, లేకపోతే మధ్యలో సన్నగా గంధం రంగు పైపింగు పెట్టి ఎడం చేయాలి. ఒకే పసుపు తానును నా ముందు పరిచి, పక్కన ముదురాకుపచ్చ పెట్టింది ఒకరోజు. పెళ్ళిల్లు గుర్తొచ్చింది. ఆకుపచ్చ తీసి తెలుపు పెట్టింది. జ్వరం పడి లేచిన మనిషి మొహం గుర్తొచ్చింది. తెలుపు తీసి నలుపు పెడితే ఎందుకో జంకు పుట్టింది. "పసుపు గదే. పక్కన కూసున్నోళ్లు మారిన్రు, గంతే" అని మడతపెట్టేసింది. తానుల మీద రామా గ్రీన్, ఆనందా బ్లూ అని చీటీలుండేవి. అత్త నోట అవి వచ్చేవి కావు. ఉల్లిపొట్టు, చింతగింజ, మెంతి, నెమలికంఠం, అన్నీ ఇంట్లోవో పెరట్లోవో పేర్లు.

ఆమెకు అన్నీ పుట్టుకతో తెలుసునని కాదు. జుబేదా ఆపా అని ఒకామె వచ్చేది, వాళ్ళ వాళ్ళు తరతరాలుగా అక్కడి పల్లెలోనే ఉన్నవాళ్ళు, ఆమె భర్త లారీ మీద పోయేవాడు. ఆమె రాణీరంగు చీరకు చిలకపచ్చ జాకెట్టు అడిగితే, "కండ్లు పోతయి ఆపా" అంది అత్త. జుబేదా ఆపా నవ్వి, "ఈద్ రోజు పోనియ్యక్కా. మిగిలిన దినాలన్నీ ఉన్నయి గద, బూడిద చూసుకుంట కూసునేటందుకు" అంది. ఆమె పోయాక అత్త చాలాసేపు ఆ రెండు తానులూ ముందేసుకుని కూర్చుంది. పండుగ నాడు రంగులు పోట్లాడుకున్నా అది సంబరమే అవుతుందని అప్పటి నుంచి తనూ చెప్పడం మొదలుపెట్టింది. బిడ్డ పోయిన ఒకామె వస్తే, ఆమె చుట్టాలు తెల్లముక్క చాలంటుంటే, అత్త వినలేదు. మబ్బు రంగు చీరకు తడిసిన ఆకు రంగు ముక్క పెట్టి ఇచ్చింది. "ఎరుపు దిక్కు ఇప్పుడే పోకు. ఇది కట్టుకో, ఏడుపొస్తె ఏడువు, ఇది నిన్నేమనది" అంది. అంత మెత్తగా ఆమె మాట్లాడటం అరుదు. మామూలుగా కుదరనిది కుదరలేదని మొహం మీదే చెప్పేది, మా అమ్మకైనా, ఎమ్మార్వో భార్యకైనా.

పల్లెల నుంచి వారపు అంగడికి వచ్చే ఆడవాళ్ళకు ఒక అలవాటుండేది. బస్సు దిగి నేరుగా దుకాణానికి వచ్చి, చీర, దానితో ఒక కొలత జాకెట్టు అత్త చేతిలో పెట్టి, కూరగాయలకో దవాఖానకో వెళ్ళిపోయేవాళ్ళు. ముక్క ఎంచేది అత్త. కుట్టేది పక్కగదిలో మిషను పెట్టుకున్న ఖాజా మామ. ఆయన బాపుకు చిన్ననాటి దోస్తు. వచ్చే అంగడికి వాళ్ళు కుట్టిన జాకెట్టు తీసుకునేవాళ్ళు. ముందుగా ముక్క రంగు చూసి ఒప్పుకోవడం అనే మాటే లేదు. పెళ్ళి చీరలు కూడా అట్లే వదిలి పోయేవాళ్ళు. దుకాణం నిలబడింది ఆ నమ్మకం మీదే.

నేను డిగ్రీలో ఉన్నప్పుడు, కాలేజీ నుంచి వచ్చి సాయంత్రం దాకా దుకాణంలో కూర్చునేదాన్ని. అప్పుడే అత్త గడప దాటడం మానేసింది. "ఎండ కండ్లల్ల గుచ్చుకుంటున్నది" అని లోపలే చూసి కత్తిరించడం మొదలుపెట్టింది. తర్వాత దీపాల వేళ దాటినా ముక్కలు ఇచ్చేది. బాపు ఆమెను పట్నంలో కళ్ళ దవాఖానకు తీసుకుపోయాడు. పొర వచ్చింది గాని ఇంకా ముదరాలి, ముదిరితేనే తీస్తాం అన్నారట. ఆ రోజుల్లో అట్లాగే చేసేవాళ్ళు, పొర ముదిరేదాకా మనిషి మసకలో కూర్చుని ఎదురుచూడాల్సిందే. "దూరమున్నయి జర మసకగ కొడ్తున్నయి, దుకాణానికి ఏం ఫికర్ లేదు" అని అత్త అందరికీ చెప్పింది. మేమూ అదే అనుకున్నాం. అరల్లో ఏ తాను ఎక్కడుందో ఆమె చేతికి తెలుసు. దగ్గర నిలబడి కొనేవాళ్ళు, చెయ్యి పక్క తాను మీద పడితే, "గది కాదక్కా, దాని పక్కది" అని తామే చెప్పేవాళ్ళు. ఖాజా మామ గది నుంచి కుట్టి వచ్చే జాకెట్లు ఎప్పటిలాగే చీరలకు కుదిరే వచ్చేవి.

ఆ కాలంలోనే అత్త మెత్తబడింది. కుదరలేదు అన్న మాట ఆమె నోట రావడం తగ్గింది. ఎవరు ఏ ముక్క చీర మీద పెట్టి చూపించినా, "కుదిరింది, మస్తు కుదిరింది" అనేది. తాలింపు వేళ మధ్య తలుపు మూయడం కూడా మర్చిపోయేది. "వదినె నెమ్మదయ్యింది, వయసొచ్చింది గద" అని అమ్మ సంబరపడింది. ఇంట్లో అందరికీ ప్రాణం హాయిగా ఉంది. ఒక సాయంత్రం నేను తానులు చుడుతుంటే అత్త నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "ఈ నడుమ నేనేం పెట్టినా కుదురుతున్నది సుగుణా. ఇన్నేండ్లు కొట్లాడిన రంగులన్నీ ఇప్పుడు నా మాట వింటున్నయి. చెయ్యి తిరుగుడంటె ఇదే కావచ్చు" అంది. ఆమె మొహంలో అంత తృప్తి నేనెప్పుడూ చూడలేదు. గోధుమరంగు పొరలోంచి చూస్తే ఏ రంగైనా ఏ రంగుతోనైనా కుదురుతుందని, సాయంత్రపు వెలుతురులో అన్నీ ఒక ఇంటివే అనిపిస్తాయని, ఈ కొత్త కన్ను వచ్చేదాకా నాకు తెలియదు. ఆమె అబద్ధమాడలేదు. ఆమెకు నిజంగానే కుదిరాయి.

దసరా దాటాక ఖాజా మామ అత్తగారు పోయారు. ఆయన గదికి తాళం వేసి కుటుంబంతో కల్వకుర్తి వైపు వెళ్ళిపోయాడు. పెళ్ళిళ్ళ రోజులు, ఆగలేం కదా అని అత్త తను ఎంచిన ముక్కలను బజారు చివర ఇంకొక దర్జీకి పంపింది. ఆ దర్జీ ఇచ్చింది ఇచ్చినట్టు కుట్టాడు. కొంగరకలాన్ నుంచి యాదమ్మ అనే ఆమె కూతురి పెళ్ళి చీర వదిలి పోయింది. పసుపు పట్టుచీర, దానికి ఆకుపచ్చ జాకెట్టు కావాలంది. కుట్టినది తీసుకుపోయిన మర్నాడు పొద్దున్నే మళ్ళీ వచ్చి గడప దగ్గర నిలబడింది. "అక్కా, ఇంకొక పచ్చముక్క ఇయ్యి. గా జాకెటు ఎలుక కొరికింది" అంది. చేతిలో సంచి ఉంది, అందులోంచి చీర కొస కనిపిస్తూనే ఉంది.

"నిన్న తీస్కపోతివి, ఇయ్యాల ఎలుక కొరికిందా? ఇటు తే" అంది అత్త. యాదమ్మ వద్దక్కా వద్దక్కా అంటుంటేనే సంచి లాక్కుని జాకెట్టు బయటికి తీసింది. చేతులతో అంతా తడిమింది. ఎక్కడా చిరుగు లేదు. లేచి, ఎన్నో నెలల తర్వాత, గడప దాటి బజారులోకి వచ్చింది. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. పసుపు చీర మీద జాకెట్టు పరిచి, దానికి మొహం ఆనేంత దగ్గరగా వంగింది.

"సుగుణా, ఇటు రా. ఇదేం రంగు?"

అత్త వెనక యాదమ్మ నాకు చెయ్యి ఊపుతోంది, చెప్పకు చెప్పకు అని. పెళ్ళికూతురి పసుపు చీర మీద ఉన్నది నలుపు. పచ్చ అని ఒక్క మాట అంటే ఆ పొద్దు గడిచిపోయేది. అత్త మొహం నా వైపు తిరిగి ఉంది, కళ్ళు చికిలించి, ఎండలో నా మొహాన్ని కూడా సరిగా చూడలేక. రంగు విషయంలో ఆమె నన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదు. ఎప్పుడూ చెప్పేది ఆమె, వినేది నేను.

"నలుపు అత్తా" అన్నాను.

"మంచిగ చూసి చెప్పు. ముదురు పచ్చ కాదా?"

"కాదత్తా. నలుపే."

యాదమ్మ గబగబా ముందుకొచ్చింది. "నల్లగున్నా మంచిగనే ఉందక్కా, పిల్లకు దిష్టి తగులకుండ" అంది. కూతురి పెళ్ళికి వచ్చిన కీడును పక్కన పెట్టి, అత్త మనసు కాపాడటానికి ఆమె పడిన పాట్లు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. అత్త నన్ను పచ్చతాను దించమంది, బయట ఎండలో నాతోనే సరిచూపించి ముక్క కత్తిరించింది. యాదమ్మ పోయాక దుకాణంలో కూర్చుని, ఆ రోజు వచ్చినవాళ్ళను రేపు రమ్మని పంపేసింది.

ఖాజా మామ తిరిగి వచ్చేదాకా దాని గురించి మాట్లాడలేదు. ఆయన వచ్చి తాళం తీయగానే పిలిచింది. బాపు కూడా అప్పుడు ఇంట్లోనే ఉన్నాడు. "ఖాజా, నువ్వు ఉన్నన్ని దినాలు నా ముక్క ఒక్కటి గూడ తప్పు రాలె. నువ్వు పోంగనే వచ్చింది. ఎందుకట్ల?" అని అడిగింది. ఖాజా మామ మెడలో టేపుతో గడపలో నిలబడి బాపు వైపు చూశాడు. ఆ చూపుతోనే అంతా బయటపడింది.

"మార్చేటోన్ని అక్కా" అన్నాడు. "నువ్వు చాయ్ తాగనీకి లోపలికి పోయినప్పుడు వచ్చి, తాను నుంచి సరైన ముక్క కోసుకపోయేటోన్ని. అన్నకు గూడ ఎరుకే."

"ఎన్నిటికి అట్ల జేసినవ్?"

"నేనేం లెక్క పెట్టుకోలె. నీ పేరు ఖరాబు గావద్దని జేసిన, గంతే."

"నీ మనసు కష్టపెట్టుడెందుకని అక్కా" అన్నాడు బాపు. "పొర తీసినంక మల్ల అన్నీ సక్కగయితయి గద. అప్పటిదాంక నడిస్తె సాలనుకున్నం."

అత్త అరుస్తుందని మేం ఎదురుచూశాం. అరిచినా బాగుండేది. "అయితే నాకు కుదిరినయని నేను మురిసినవన్నీ ఖాజా పెట్టినవా?" అంది. ఖాజా మామ టేపు తీసి చేతికి చుట్టుకుంటూ నిలబడ్డాడు, ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మర్నాడు దుకాణం తెరుచుకోలేదు.

పొర ముదిరాక ఆపరేషన్ అయింది. లావు అద్దాలు వచ్చాయి, వాటి వెనక అత్త కళ్ళు పెద్దవిగా కనిపించేవి. ఆమె కూర్చుంటుందని బాపు ముందుగది కడిగించి, తానులు దులిపించి తలుపులు తీసిపెట్టాడు. అత్త వచ్చి అరల ముందు చాలాసేపు నిలబడింది. ఒక్కొక్క తాను తీసి గడప దాటి ఎండలో చూసుకుని, తెచ్చి దాని చోట పెట్టింది. నీలాల దగ్గర ఎక్కువసేపు ఆగింది, మర్చిపోయిన చుట్టాన్ని చూసినట్టు. మేం లోపల నిలబడి చూస్తున్నాం, అంతా గాడిన పడిందని అమ్మ నా చెయ్యి నొక్కింది కూడా. అన్నీ చూడటం అయ్యాక అత్త ఆ తలుపులు తనే మూసింది.

"ఇగ కూసోవా అక్కా?" అన్నాడు బాపు.

"కండ్లు వచ్చినయి తమ్మీ. చెప్పెటోళ్లు లేరు" అంది అత్త. "తప్పయితే తప్పని నా ముంగట అనెటోళ్లు ఉంటెనే నాకు రంగు తెలుస్తది. మీరు నా మీద ప్రేమతోని, పాయిరంతోని గా అనుడే తీసేసిన్రు. ఇప్పుడు నేను కుదిరిందంటె, అది నిజంగ కుదిరిందా, మీరు కుదిరిచ్చిన్రా, నాకేం ఎరుక?"

దుకాణం మళ్ళీ తెరవలేదు. మేమందరం ఏది జరగకూడదని దాచామో అదే జరిగింది. అత్త తమ్ముడి ఇంట్లో ఆకుకూర తుంపుతూ, బియ్యంలో రాళ్ళు ఏరుతూ మిగిలిన కాలం గడిపింది. ఎవరి మీదా కోపం చూపించలేదు. ఖాజా మామ వస్తే చాయ్ ఇచ్చేది, పిల్లల గురించి అడిగేది, రంగుల మాట మాత్రం ఎత్తేది కాదు. "నువ్వు పచ్చదే అంటె పోయేది గద" అని అమ్మ నన్ను చాలాకాలం దెప్పింది. అత్త మాత్రం పెట్టెలోంచి ఏ చీర తీసినా, పెళ్ళికైనా పేరంటానికైనా, "సుగుణను పిలువుండ్రి, దీని మీదికి ఏది కుదురుతదో చెప్తది" అనేది. నేను అత్తవారింట్లో ఉంటే, వచ్చేదాకా ఆగేది. ఇంట్లో ఇంకెవరినీ అడగలేదు.

పోయినేడు ఏదో పని మీద ఇబ్రహీంపట్నం వెళ్ళాను. ఆ ముందుగదిలో ఇప్పుడు ప్లాట్లు అమ్మేవాళ్ళ ఆఫీసు ఉంది. కొంగరకలాన్ పొలాలన్నీ గీతలు గీసి, జెండాలు పాతి గోడకు ఫ్లెక్సీగా అతికించారు. బజారులో పెద్ద మ్యాచింగ్ సెంటర్ వచ్చింది. అక్కడి అమ్మాయిలు చీర అడగరు, ఫోనులో ఫొటో చూపిస్తే చాలు, దాన్ని అర ముందు పట్టుకుని లైట్ల కింద ముక్క తీస్తారు. గడప దాటి ఎండలోకి వచ్చేవాళ్ళు ఒక్కరూ కనిపించలేదు. వాళ్ళు తీసిన ముక్కలన్నీ నాకు భలే కుదిరినట్టే అనిపించాయి. రోజులు మారినా పని బాగానే చేస్తున్నారని మనసులో దీవించి వచ్చాను. అప్పటికి నా రెండు కళ్ళలోనూ పొర ఉంది.

ఈ నాలుగైదేళ్ళుగా మా ఇంట్లోనూ, నేను నెమ్మదించానంటారు. నేను రాసిన వాటిలో కూడా కోపం తగ్గిందని, అందరినీ క్షమించేస్తున్నానని స్నేహితులు అన్నారు. వయసుతో వచ్చిన జ్ఞానమనుకుని లోలోపల గర్వపడ్డాను. అందులో జ్ఞానం ఎంతో, పొర ఎంతో ఇప్పుడు చెప్పలేను. రెండో కంటికి వచ్చే నెల రమ్మన్నారు. నిజం చెప్పాలంటే నాకు వెళ్ళాలని లేదు. కొత్త కంటితో చూస్తే ప్రతిదీ ఒకదాని మీద ఒకటి అరుస్తోంది, తల నొప్పి పుడుతోంది. పాత కంటితో చూస్తే లోకమంతా సర్దుకుని ఉంది. అలసిన మనిషికి ఏది హాయి? రోజులో చాలాసేపు కొత్త కన్నే మూసుకుని పడుకుంటున్నాను.

మధ్యాహ్నం మా కోడలు సునీత చుక్కల మందు వేయడానికి వచ్చింది. వాళ్ళది భీమవరం వైపు, చాలా ఏళ్ళ కిందట పెద్ద అంబర్‌పేట్‌లో ఇల్లు కట్టుకుని ఇక్కడివాళ్ళే అయిపోయారు. మంచి పిల్ల. నాకు ఏ మాటకూ ఎదురు చెప్పి ఎరగదు.

"సునీతా, మీ తమ్ముడి పెళ్ళికి నేను కట్టుకున్న చీర మీదికి జాకెటు కుదిరిందా?" అని అడిగాను.

"చాలా బాగుందండి అత్తయ్యగారూ. మా అమ్మ కూడా అంది" అంది గానీ, మందు సీసా పట్టుకున్న చెయ్యి గాలిలో ఆగిపోయింది.

"మీ అమ్మ సంగతి కాదు. ఇట్ల కూసో. అండీ గిండీ జర పక్కకు పెట్టు. నీ కండ్లకు ఎట్లున్నది, గది చెప్పు."

సునీత తలుపు వైపు చూసింది. హాల్లో మా అబ్బాయి టీవీ చూస్తున్నాడు. "మీకు చెప్పొద్దని ఆయన అన్నారండి. మీరు బాధపడతారని" అంది, గొంతు తగ్గించి.

"బాధపడ్త" అన్నాను. "అయినా చెప్పు."

సునీత సీసా మూత బిగించి పక్కన పెట్టి, లేచి వెళ్ళి నా బీరువా తలుపులు రెండూ బార్లా తెరిచింది. వరసగా వేలాడుతున్న చీరలను ఒక్కొక్కటే చేత్తో జరుపుతూ, నా వైపు తిరగకుండానే, "ఏ చీరతో మొదలుపెట్టమంటారు అత్తయ్యగారూ?" అంది.